పాత హారర్ పత్రికల పెట్టెలు దొరికాయి. చదువుకోవాలా, సీల్ చేయించాలా?

న్యూజెర్సీ_నరేష్
మా వీధి చివరి ఇంట్లో పెద్దాయన పోయాక వాళ్ళ పిల్లలు సామానంతా అమ్మకానికి పెట్టారు. నేను వెళ్ళింది నిచ్చెన కోసం. గరాజ్‌లో ఒక మూల రెండు అట్టపెట్టెలు కనిపిస్తే మూత తీశాను. పైన 'క్రీపీ', 'ఈరీ', 'వాంపిరెల్లా'. అడుగున 'వీర్డ్', 'టెర్రర్ టేల్స్' లాంటివి, వాటి అట్టలు చూస్తే ఆ పూట అన్నం సహించదు. దాదాపు అన్నీ 1966 నుంచి 1975 లోపువే. నిచ్చెన సంగతి వదిలేసి పెట్టెలు తెచ్చుకున్నాను. మా ఆవిడ ఒక్క అట్ట చూసి "పిల్లలున్న ఇంట్లోకి ఇవి వచ్చేది లేదు" అంది. ప్రస్తుతం కారు డిక్కీలో ఉన్నాయి.

ఆఫీసులో ఒకతను అసలు చదవొద్దంటున్నాడు. పేజీ తిప్పిన కొద్దీ రేటు పడిపోతుంది, గ్రేడింగ్‌కి (పత్రిక ఎంత బాగుందో చూసి నంబరు వేస్తారు) పంపి ప్లాస్టిక్‌లో సీల్ చేయించు అని ఒకటే పోరు. నాకేమో చదవాలనే ఉంది. ఏం చేయమంటారు? ఇంకోటి, 'ఈరీ' 2వ సంచిక నుంచి వరసగా ఉన్నాయి, 1 మాత్రం లేదు. అది కొనాలంటే ఎంతవుతుంది?

డల్లాస్_దెయ్యం
ముందు డిక్కీలోంచి తియ్యి స్వామీ. ఎండకి ఉడికిపోతాయి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

క్రిప్ట్_కిట్టు
ఈరీ 1 లేదని బెంగ పెట్టుకోకు. ఆ పెద్దాయన దాచుకున్న వరసలో లోటేం లేదు. ఆ మొదటి సంచిక మామూలుగా షాపుల్లో అమ్మిందే కాదు. ఇంకో పబ్లిషర్ 'ఈరీ' పేరుతో పత్రిక తెస్తున్నాడని 1965లో 'క్రీపీ' పబ్లిషర్ జేమ్స్ వారెన్‌కి తెలిసింది. పేరు చేజారకుండా రాత్రికి రాత్రి చేతిలో ఉన్న కథలతో చిన్న సైజులో ఓ 200 కాపీలు కొట్టించి, "ఇదిగో, మా పత్రిక ముందే వచ్చేసింది" అని చూపించాడు. అసలు పత్రిక 1966లో 2వ సంచికతో మొదలైంది.

ఇప్పుడు దొరికే 1వ సంచికల్లో తర్వాతెవరో దొంగతనంగా అచ్చేసినవి చాలా ఉన్నాయి. ఫొటోలు చూసి మాత్రం కొనకు.

న్యూజెర్సీ_నరేష్
ఆ ఇంకో పబ్లిషర్ ఎవరు?

క్రిప్ట్_కిట్టు
మైరన్ ఫాస్. నీ పెట్టెలో అడుగున ఉన్న చెత్తంతా ఆయనదే. పత్రికకి ఆ పేరు దక్కలేదని కంపెనీకి 'ఈరీ పబ్లికేషన్స్' అని పెట్టుకున్నాడు. అందుకే కొత్తగా కొనేవాళ్ళు ఇప్పటికీ 'ఈరీ' అనుకుని ఫాస్ సరుకు కొని మోసపోతుంటారు.

బెజవాడ_బుల్లోడు
ఫేమస్ హోటల్ పక్కనే అదే పేరుతో ఇంకో బోర్డు పెట్టి, కింద చిన్న అక్షరాలతో 'మాకు వేరే బ్రాంచీలు లేవు' అని రాసుకునే బ్యాచ్ అన్నమాట.

చెత్తప్రేమికుడు
కిట్టు, ఆ 'చెత్త' గురించి కాసేపాగి మాట్లాడతాను. డ్యూటీలో ఉన్నాను.

సందేహాలరావు
తెలియక అడుగుతున్నా, ఏమీ అనుకోవద్దు. అమెరికాలో కామిక్స్ అంటే రంగుల్లోనే కదా ఉండేవి. ఇవి ఎందుకు బ్లాక్ అండ్ వైట్‌లో, ఇంత పెద్ద సైజులో ఉన్నాయి? డబ్బుల్లేకనా?

మాలతి_ఎం
రావుగారూ, డబ్బు సంగతి కొంత, కానీ అసలు కారణం సెన్సారును తప్పించుకోవడం.

1950లో ఈసీ అనే చిన్న కంపెనీ మూడు రంగుల హారర్ కామిక్స్ మొదలుపెట్టింది: 'టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్', 'ది వాల్ట్ ఆఫ్ హారర్', 'ది హాంట్ ఆఫ్ ఫియర్'. అవి బాగా అమ్ముడుపోయేసరికి పదుల కంపెనీలు ఎగబడ్డాయి. 1954కి గొడవ ముదిరింది. వీటివల్లే పిల్లలు చెడిపోతున్నారని డాక్టర్ ఫ్రెడ్రిక్ వెర్తమ్ పుస్తకం రాశాడు. సెనేట్ సబ్‌కమిటీ విచారణ పెట్టింది. ఈసీ యజమాని విలియం గెయిన్స్ తనంతట తనే వచ్చి సాక్ష్యం చెప్పాడు. సెనేటర్ కెఫావర్ ఒక అట్ట చూపించాడు. ఒక చేతిలో నెత్తుటి గొడ్డలి, ఇంకో చేతిలో తెగిన ఆడమనిషి తల. ఇది సభ్యతగా ఉందా అని అడిగాడు. హారర్ కామిక్ అట్టకి ఇది సభ్యతే, తలను ఇంకాస్త పైకెత్తి మెడలోంచి నెత్తురు కారేది చూపిస్తే అప్పుడు అసభ్యత అయ్యేది అన్నాడు గెయిన్స్. మర్నాడు పేపర్లు ఏకిపారేశాయి.

ఆ ఏడాదే చాలా కామిక్స్ కంపెనీలు కలిసి తమకు తామే 'కామిక్స్ కోడ్' పెట్టుకున్నాయి. పత్రిక పేరులో 'హారర్', 'టెర్రర్' అనే మాటలు ఉండకూడదు. రక్తపిశాచులు, నడిచే శవాలు, తోడేలు మనుషులు కూడదు. కోడ్ ముద్ర లేని కామిక్‌ని చాలామంది డిస్ట్రిబ్యూటర్లు ముట్టుకునేవాళ్ళు కాదు. ఈసీ హారర్ పత్రికలు మూతపడ్డాయి.

కానీ ఆ కోడ్ వర్తించేది కామిక్ బుక్కులకే. పెద్ద సైజులో, బ్లాక్ అండ్ వైట్‌లో, పెద్దవాళ్ళ పత్రికల పక్కన పెట్టి అమ్మితే అది మ్యాగజైన్. ముద్ర అక్కర్లేదు. 1964లో 'క్రీపీ' ఆ సందులోంచే వచ్చింది. ధర 35 సెంట్లు, అప్పుడు మామూలు కామిక్ 12 సెంట్లు. మొదటి అట్ట గీసింది పాత ఈసీ చిత్రకారుడు జాక్ డేవిస్. లోపల కూడా ఈసీలో పనిచేసినవాళ్ళు చాలామందే కనిపిస్తారు.

సందేహాలరావు
అంటే పదేళ్ళు పిశాచాలన్నీ శ్మశానంలోనే కూర్చున్నాయా?

మాలతి_ఎం
రంగుల కామిక్స్‌లో ఇంకా ఎక్కువ కాలమే. 1971లో కోడ్ సడలించి రక్తపిశాచులకీ తోడేలు మనుషులకీ అనుమతి ఇచ్చారు. నడిచే శవాలకు అప్పుడు కూడా ఇవ్వలేదు.

అమీర్‌పేట_అడ్వకేట్
అమెరికా సంగతి అంటున్నారు గానీ మన దగ్గర కూడా దీనికి చట్టం ఉంది. 1955లో బ్రిటన్ ఈ అమెరికన్ హారర్ కామిక్స్ మీదే ప్రత్యేకంగా చట్టం చేసింది. మరుసటి ఏడాది మన పార్లమెంటు 'యంగ్ పర్సన్స్ హార్మ్‌ఫుల్ పబ్లికేషన్స్ యాక్ట్, 1956' తెచ్చింది. నేరాలు, హింస, క్రూరత్వం, జుగుప్స కలిగించే సంఘటనలు చూపిస్తూ కుర్రవాళ్ళను చెడగొట్టేలా ఉన్న పుస్తకాలు అమ్మితే ఆరు నెలల దాకా జైలు. ఈ చట్టం లెక్కలో 'యంగ్ పర్సన్' అంటే ఇరవై ఏళ్ళలోపు ఎవరైనా. కోర్టులో ఈ కేసు వాదించే అవకాశం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నాను, ఒక్క క్లయింటూ రాలేదు.

బెజవాడ_బుల్లోడు
నరేష్ గారి మిసెస్ చెప్పింది పక్కా చట్టప్రకారమే. ఆవిడ మీద అప్పీలు కూడా ఉండదు.

అబిడ్స్_ఆదివారం
1956 చట్టమా! నాకిప్పుడు భయమేస్తోంది. నేను ఇంటర్‌లో ఉండగా అబిడ్స్ ఫుట్‌పాత్ మీద 'క్రీపీ' కొనేవాణ్ణి. అంటే పద్దెనిమిది లోపే. ఆదివారం పొద్దున్నే వెళ్తే పాత 'లైఫ్', 'పాపులర్ మెకానిక్స్' గుట్టల మధ్యలో ఒకటో అరో దొరికేవి. వాటికి చాలావరకు అట్ట పైభాగం ఉండేది కాదు, పేరున్న పట్టీ శుభ్రంగా కోసేసి ఉండేది. బేరమాడేవాళ్ళం, "అట్ట చిరిగిందిగా భాయ్" అని. అదేమిటో ఇప్పటికీ తెలీదు.

క్రిప్ట్_కిట్టు
చిరగలేదు, కోశారు. అమ్ముడుపోని పత్రిక మొత్తం తిప్పి పంపితే ఖర్చని, షాపువాడు అట్ట మీద పేరున్న పట్టీ మాత్రం కోసి పంపి డబ్బు వాపసు తీసుకునేవాడు. మిగతాది చిత్తుకాగితాల్లో పడేయాలి. పడేయకుండా అమ్ముకున్నవే నీదాకా వచ్చాయి. అలాంటి కాపీకి పాత పత్రికలు సేకరించేవాళ్ళ దగ్గర విలువేమీ ఉండదు.

అబిడ్స్_ఆదివారం
విలువ లేకపోతే పోయింది. బెర్నీ రైట్‌సన్ గీసిన 'జెనిఫర్' నేను మొదట చూసింది అలా తల లేని పత్రికలోనే. అడవిలో ఒకడు గొడ్డలి ఎత్తి అమ్మాయిని నరకబోతుంటే హీరో కాపాడతాడు, ఆ తర్వాత వాడి బతుకు ఏమైందనేది కథ. ఆ మొహం మర్చిపోవడానికి నాకు డిగ్రీ అయిపోయింది.

డల్లాస్_దెయ్యం
క్రీపీ 63, 1974. కథ బ్రూస్ జోన్స్. నరేష్, నీ పెట్టెలో ఉందేమో చూడు. ఉంటే రాత్రిపూట తియ్యకు.

న్యూజెర్సీ_నరేష్
63 ఉంది!! డిక్కీ నుంచి ఆఫీస్ రూమ్‌కి చేర్చాను, 'టాక్స్ పేపర్లు' అని పెట్టె మీద రాసి.

చెత్తప్రేమికుడు
డ్యూటీ అయింది, ఇక కాచుకో కిట్టు.

ఈ దారంలో అందరూ వారెన్‌కి హారతులిస్తున్నారు. ఒప్పుకుంటాను, చిత్రకారుడు ఫ్రజెట్టా గీసిన అట్టలు, ఎడిటర్ ఆర్చీ గుడ్విన్ రాసిన కథలు, అన్నీ గొప్పవే. కానీ నరేష్ చెప్పినట్టు అన్నం సహించనివి ఏవి? ఫాస్‌వి. హారర్ పత్రిక పని అదే కదా!

ఫాస్ దగ్గర కథలు రాయించడానికి డబ్బు పెట్టే అలవాటు లేదు. కోడ్ రాకముందు, అంటే 1950ల మొదట్లో వచ్చిన ఫారెల్ కామిక్స్ కథల్ని రంగు తీసేసి అచ్చేశాడు. 'వీర్డ్' మొదటి సంచిక 1966 జనవరిలో వచ్చింది, దాని మీద నంబరు మాత్రం 10. కొత్త పత్రిక అంటే షాపువాడు నమ్మడని. ఆ పాత కథలు అయిపోయాక అవే కథల్ని అర్జెంటీనా చిత్రకారులతో కొత్తగా గీయించాడు. పాతదాంట్లో తలుపు వెనక జరిగిన హత్య కొత్తదాంట్లో పేజీ మధ్యలో జరుగుతుంది. కనుగుడ్లు బయటికి వేలాడాల్సిందే. అదే కథ మళ్ళీ రెండేళ్ళకు ఇంకో పేరుతో ఇంకో పత్రికలో. అట్టలు ఇంకా ఘోరం: ఒక అట్టలో పిశాచం, ఇంకో అట్టలో సమాధి, మూడోదాంట్లో గబ్బిలాలు, అన్నీ కత్తిరించి అతికించి నాలుగో అట్ట.

ఇదంతా దగ్గరుండి చూసిన ఎడిటర్ ఎవరో తెలుసా? కార్ల్ బర్గోస్. 1939లో 'హ్యూమన్ టార్చ్' అనే మంటల సూపర్‌హీరోని సృష్టించినాయన.

క్రిప్ట్_కిట్టు
నువ్వు చెప్పినవన్నీ నా వాదనకే సాక్ష్యం. దొంగ కథ, దొంగ అట్ట, దొంగ నంబరు. ఇందులో ప్రేమించడానికి ఏముంది?

చెత్తప్రేమికుడు
సిగ్గు లేకపోవడం ఉంది.

బెజవాడ_బుల్లోడు
ఈ ఒక్క ముక్కకీ వెయ్యి లైకులు.

మాలతి_ఎం
నేను కిట్టు వైపే, అయినా ఒక మాట. ఫాస్ పత్రికల్లో ఆడవాళ్ళ మీద జరిగే హింస చూస్తే నాకు నవ్వు రాదు. అట్ట మీద కట్టేసిన అమ్మాయి లేని సంచిక వెతుక్కోవాలి. 'సరదా చెత్త' అని తేలిగ్గా అనేస్తున్నారు.

చెత్తప్రేమికుడు
అది నిజమే మాలతి గారూ, సమర్థించను. కానీ వారెన్ ఏమీ మడి కట్టుకుని కూర్చోలేదు. 'వాంపిరెల్లా' హీరోయిన్ బట్టలు చూశారుగా.

మాలతి_ఎం
చూశాను. ఆ డ్రెస్సు డిజైన్ చేసింది ట్రినా రాబిన్స్ అనే ఆవిడే. 1969లో మొదటి సంచిక అట్ట ఫ్రజెట్టా గీశాడు. డ్రాకులాన్ అనే గ్రహంలో నదుల్లో నీళ్ళకు బదులు రక్తం పారుతుంది, ఆ నదులు ఎండిపోతుంటే ఈవిడ భూమ్మీదికి వస్తుంది. మొదట్లో వెకిలిగానే ఉంటుంది. 1971 నుంచి స్పెయిన్ చిత్రకారులు వచ్చాక చూడండి, హోసే గొంజాలెస్ చేతిలో ఆ మొహానికి ఒక దిగులు వచ్చింది. ఎస్తెబాన్ మరోటో పేజీలైతే గళ్ళు గళ్ళుగా ఉండవు, పొగలాగా సాగిపోతాయి. కథ అర్థం కాకపోయినా బొమ్మలు చూస్తూ కూర్చోవచ్చు.

విశాఖ_వేణు
కథ అర్థం కాకపోవడం దగ్గర నాది గట్టి సమర్థన.

తాతయ్య_1952
ఇవన్నీ చదువుతుంటే మాకు చందమామే గుర్తొస్తోంది. శంకర్ గారి బొమ్మలో విక్రమార్కుడు కత్తి పట్టి, భుజాన శవం వేసుకుని నడుస్తుంటే చుట్టూ పుర్రెలు, పాములు. నెలనెలా అదే బొమ్మ, నెలనెలా అదే వణుకు. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళకి 'చిత్ర' గీసిన రాక్షసులు, మాంత్రికులు ఏ అమెరికా వాడికి తక్కువ? 'తోకచుక్క' 1954లో మొదలైంది. అక్కడ సెనేట్ విచారణ చేస్తున్న ఏడాదే ఇక్కడ అమ్మానాన్నలే కొని పిల్లలకిచ్చేవారు.

అమీర్‌పేట_అడ్వకేట్
బాబాయ్‌గారూ, 1956 చట్టం కింద బేతాళుణ్ణి బోనెక్కించాలంటే నేను రెడీ.

తాతయ్య_1952
ఎక్కించు నాయనా. వాడే నీకు ఎదురు ప్రశ్న వేస్తాడు, తెలిసీ చెప్పకపోతే నీ తలే పగులుతుంది.

క్రిప్ట్_కిట్టు
బేతాళుడంటే గుర్తొచ్చింది. ఈ పత్రికల్లో చాలావాటికి కథ చెప్పే ముసలి దెయ్యం ఒకటుంటుంది. ఈసీలో మూడింటికి ముగ్గురు. వారెన్‌లో అంకుల్ క్రీపీ, కజిన్ ఈరీ. కథ ముందు పాడు జోకు, చివర ఇంకో పాడు జోకు. పాఠకుల ఉత్తరాలకి జవాబులు కూడా వాళ్ళ పేరు మీదే. క్రీపీలో అభిమానుల పేజీ ఉండేది, 1966లో అక్కడ అచ్చయిన కుర్రాళ్ళ బొమ్మల్లో ఒకటి బెర్నీ రైట్‌సన్‌ది. ఎనిమిదేళ్ళకు అదే పత్రికలో 'జెనిఫర్' గీశాడు.

న్యూజెర్సీ_నరేష్
నా ప్రశ్న మర్చిపోయినట్టున్నారు. చదవాలా, సీల్ చేయించాలా?

డల్లాస్_దెయ్యం
స్లాబ్ చేయించు, అంటే గ్రేడ్ వేయించి ప్లాస్టిక్ పలకలో సీల్. అన్నీ కాదు. వాంపిరెల్లా 1, ఫ్రజెట్టా అట్టలున్నవి, మచ్చలేకుండా ఉంటే. ఫ్రజెట్టా పేరుకి మార్కెట్ అలా ఉంది. 'ఈరీ' 23 అట్టకి గీసిన ఒరిజినల్ పెయింటింగ్ 'ఈజిప్షియన్ క్వీన్' 2019లో వేలంలో 54 లక్షల డాలర్లకు పోయింది. అచ్చయిన పత్రికకి ఆ రేటు రాదు గానీ, గ్రేడ్ నంబరు ఉంటే కొనేవాడికి ధైర్యం. మిగతావన్నీ హాయిగా చదువుకో.

బెజవాడ_బుల్లోడు
స్లాబ్ వేసిన రోజు మేస్త్రీలకి మటన్ పెట్టాలి, మర్చిపోకు.

చెత్తప్రేమికుడు
35 సెంట్ల పత్రికని ఎవడూ తెరవకుండా ప్లాస్టిక్‌లో పాతిపెట్టడం కన్నా ఘోరమైన హారర్ కథ ఫాస్ కూడా అచ్చేయలేదు. లోపల 50 పేజీల పైనే కథలున్నాయి. అట్ట చూసుకుంటూ చావడానికా కొన్నావు?

డల్లాస్_దెయ్యం
నీకేం, నీ దగ్గరున్న వాటికి గ్రేడ్ ఇవ్వడానికి సున్నా కన్నా తక్కువ నంబరు లేదు కాబట్టి ఎన్నయినా మాట్లాడతావు. మంచి కాపీలు మిగిలినవే కొన్ని. ఎవరో ఒకరు కాపాడకపోతే యాభై ఏళ్ళ తర్వాత చూడ్డానికి ఏం ఉంటుంది? చదవాలంటే డార్క్ హార్స్ వాళ్ళు 2008 నుంచి క్రీపీ మొత్తాన్ని గట్టి అట్టలతో మళ్ళీ వేశారు. అవి చదువు.

అబిడ్స్_ఆదివారం
ఆ పునర్ముద్రణలు నా దగ్గర ఉన్నాయి, బాగున్నాయి. కానీ తెల్లని నున్నటి కాగితం మీద నలుపు మరీ నల్లగా ఉంటుంది. ఒరిజినల్‌లో ఆ మట్టి రంగు కాగితం మీద సిరా కాస్త పీల్చుకుపోయి బొమ్మ మెత్తబడుతుంది. రైట్‌సన్ గీతలు ఆ కాగితం మీదే బాగుంటాయని నా పిచ్చి నమ్మకం.

పాతకాగితం
గ్రంథాలయంలో పాత పత్రికల మరమ్మతు నా ఉద్యోగం, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

లోపలి కాగితం న్యూస్‌ప్రింట్ రకం. కలపని మర పట్టించి చేస్తారు, అందులో లిగ్నిన్ అలాగే మిగిలిపోతుంది. వెలుతురు, వేడి తగిలితే కాగితం పసుపు పచ్చబడి, ఆమ్లం పెరిగి, చివరికి అప్పడంలా విరుగుతుంది. ప్లాస్టిక్ పలకలో పెట్టినంత మాత్రాన ఇది ఆగదు. పలకని హాల్లో కిటికీ ఎదురుగా షోకేసులో పెడితే అట్ట రంగు కూడా వెలిసిపోతుంది. కాబట్టి సీల్ చేసినా చేయకపోయినా చల్లగా, పొడిగా, చీకట్లో ఉంచాలి. అటక, బేస్‌మెంట్ రెండూ పనికిరావు.

పిన్నులు చూడండి. తుప్పు పట్టి ఉంటే కాగితం అక్కడే చిరగడం మొదలవుతుంది. పీకడానికి ప్రయత్నించకండి. చిరుగులకి సెల్లో టేపు అసలు వద్దు, దాని జిగురు పదేళ్ళలో నూనె మరకై పక్క పేజీకి కూడా పాకుతుంది. పీవీసీ కవర్లు వద్దు. మైలార్ (పాలిస్టర్) కవరు, ఆమ్లం లేని అట్ట, నిలువుగా పేర్చడం, అంతే. పురుగు అనుమానం ఉంటే గాలి చొరకుండా కవర్లో కట్టి కొన్ని రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టొచ్చు.

చదవడం వల్ల పాడవుతాయనేది సగం నిజం. మంచం మీద వెల్లకిలా పడుకుని, వెన్ను వెనక్కి విరిచి చదివితే పాడవుతాయి. బల్ల మీద పెట్టి, పూర్తిగా పరవకుండా, కింద ఆసరా ఇచ్చి చదివితే ఏమీ కాదు. చేతులు కడుక్కుని, ఆరబెట్టుకుని.

విశాఖ_వేణు
కలరా ఉండలు వేయొచ్చా?

పాతకాగితం
వద్దు. పత్రికకి ఆ వాసన పట్టిందంటే మళ్ళీ వదలదు, పీల్చే మీకూ మంచిది కాదు.

న్యూజెర్సీ_నరేష్
ఫ్రీజర్‌లో పెడితే నేను కూడా బయటే పడుకోవాలి. కొన్ని సంచికల్లో చివరి పేజీల్లో ముక్కలు కత్తిరించి ఉన్నాయి, అవి పనికిరానివేనా?

క్రిప్ట్_కిట్టు
కెప్టెన్ కంపెనీ కూపన్లు అయి ఉంటాయి. వారెన్ వాళ్ళదే పోస్టులో సరుకు పంపే వ్యాపారం. రబ్బరు ముసుగులు, 8 ఎంఎం సినిమా రీళ్ళు, పాత సంచికలు. పిల్లలు కూపన్ కత్తిరించి డబ్బు పంపేవాళ్ళు. కూపన్ పోతే గ్రేడ్ బాగా పడిపోతుంది, ఆ వెనక పేజీలో కథ ఉంటే అదీ పోయినట్టే. అవి చదువుకునే కాపీలు అనుకో.

చెత్తప్రేమికుడు
పోనీ, ఏ ముసుగు తెప్పించుకున్నాడో వాళ్ళ పిల్లల్ని అడుగు. అది కూడా గరాజ్‌లో ఉండే ఉంటుంది.

విశాఖ_వేణు
ఇంత గొప్ప వారెన్ ఎందుకు మూతపడ్డాడు మరి?

మాలతి_ఎం
1967లోనే ఒకసారి డబ్బు ఇబ్బంది వచ్చి, గుడ్విన్ వెళ్ళిపోయి, రెండేళ్ళు పాత కథలే తిరగేసి వేశారు. అంతకుముందు 'బ్లేజింగ్ కాంబాట్' అని యుద్ధ కథల పత్రిక తెచ్చారు, వియత్నాం యుద్ధం మీద నిజాలు రాసేసరికి సైనిక స్థావరాల షాపులు అమ్మనన్నాయి, నాలుగు సంచికలతో సరి. అక్కణ్ణించి లేచి 1970లలో పుంజుకున్నారు. చివరికి 1983లో దివాలా. క్రీపీ 145, ఈరీ 139, వాంపిరెల్లా 112 సంచికల దగ్గర ఆగాయి. ఫాస్ హారర్ దుకాణం దానికి రెండేళ్ళ ముందే సర్దేశాడు.

సందేహాలరావు
నాకు చదవాలనిపిస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

క్రిప్ట్_కిట్టు
క్రీపీ మొదటి పదిహేను సంచికలు. గుడ్విన్ కథల కోసం.

చెత్తప్రేమికుడు
'వీర్డ్' ఏదైనా ఒకటి. ఒకటి చదివితే అన్నీ చదివినట్టే, నిజంగానే.

అబిడ్స్_ఆదివారం
ఇద్దరి మాటా వినకండి. స్కైవాల్డ్ వాళ్ళ 'నైట్‌మేర్', 'సైకో', 'స్క్రీమ్' చూడండి. 1970 నుంచి 1975 వరకే బతికింది ఆ కంపెనీ. ఎడిటర్ ఆల్ హ్యూవెట్‌సన్ రాతలు జ్వరంలో పలవరింతల్లా ఉంటాయి. వారెన్ అంత అందం లేదు, ఫాస్ అంత సిగ్గులేనితనమూ లేదు, కానీ మనసు పాడుచేస్తాయి.

క్రిప్ట్_కిట్టు
స్కైవాల్డ్ విషయంలో మాత్రం నీతో గొడవ లేదు.

డల్లాస్_దెయ్యం
నా దగ్గర 'స్క్రీమ్' రెండు జతలున్నాయి. 'సైకో' ఎవరి దగ్గరైనా అదనంగా ఉంటే మార్చుకుంటాను. కూపన్ కత్తిరించినవి వద్దు, ఫాస్ వద్దు, స్లాబ్ అయినా కాకపోయినా ఫరవాలేదు.

అబిడ్స్_ఆదివారం
పాతకాగితం గారూ, హైదరాబాద్‌లో మ్యాగజైన్ సైజు మైలార్ కవర్లు దొరకట్లేదు. ఆన్‌లైన్‌లో చూస్తే మామూలు కామిక్ సైజువే, వాటిలో దూర్చితే మూలలు నలుగుతున్నాయి. ఏదైనా ఉపాయం?

పాతకాగితం
దూర్చకండి. కోఠీలో ఫొటోలు, సర్టిఫికెట్లు పెట్టుకునే పాలిప్రొపిలీన్ కవర్లు ఏ4 కన్నా ఒక సైజు పెద్దవి అడగండి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి, కొత్త రెయిన్‌కోటు వాసన వస్తే పీవీసీ, తీసుకోవద్దు.

బెజవాడ_బుల్లోడు
కోఠీలో షాపు ముందు నిలబడి కవర్లు వాసన చూస్తున్నవాళ్ళు కనబడితే ఇకనుంచి మన సభ్యుడే అనుకుంటాను.